జీన్ థెరపీకి ఏ వైరస్? రెట్రో, లెంటీ, ఏఏవీ, ఎడినోలలో ఎంచుకునే ముందు

ఇంట్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, ఎస్‌ఎంఏ (నరకణాలు పోయి కండరాలు బలహీనపడే జన్యు జబ్బు) లాంటిది ఉండి జీన్ థెరపీ గురించి చదవడం మొదలుపెడితే తొందరగానే ఒక చిక్కు వచ్చిపడుతుంది. జీన్ థెరపీ అంటే పనిచేసే జన్యువును కణంలోకి చేర్చడం, దాన్ని మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌నే వెక్టర్ అంటారు. ఒక మందులో లెంటీవైరస్ ఉందంటారు, ఇంకోదాంట్లో ఏఏవీ (ఎడినో అసోసియేటెడ్ వైరస్, పేరు కలిసినా ఎడినో వేరు) అంటారు. ఒకటి జన్యువును శాశ్వతంగా అతికిస్తుంది కాబట్టి గొప్పదట. రెండోది అతికించదు కాబట్టి సేఫట. విచిత్రంగా ఈ రెండు మాటలూ నిజమే. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వెక్టర్ ఎంచుకోవాల్సిన విద్యార్థులకూ ఇదే తికమక.

వైరస్‌ల పేర్లు పక్కన పెట్టి ముందు కణం సంగతి చూడండి. జన్యువును చేర్చాల్సిన కణం ఇక ముందు విభజన చెందుతుందా, చెందదా? నా లెక్కలో ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

క్రోమోజోమ్‌లో జన్యువు చేరడం అంటే పుస్తకంలో పెన్నుతో రాయడం లాంటిది. చేరకుండా కేంద్రకంలో విడిగా ఉండిపోవడం అంటే పేజీల మధ్య చీటీ పెట్టడం. ఆ పుస్తకానికి ఎన్ని కాపీలు తీసినా పెన్నుతో రాసింది ప్రతి కాపీలోనూ వస్తుంది, చీటీ మాత్రం రాదు. బోన్ మ్యారోలోని మూలకణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. వాటిలో చీటీ పెట్టి ప్రయోజనం లేదు. కంటి రెటీనా కణాలు, వెన్నుపాములోని మోటార్ న్యూరాన్లు విభజన చెందవు. వాటికి చీటీ చాలు. అక్కడ క్రోమోజోమ్‌ను కదిలించడం అనవసరపు రిస్క్.

రెండోది జన్యువు పొడవు. వైరస్ కవచంలో పట్టేది కొంతే. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫ్యాక్టర్ 9 ప్రొటీన్ తయారీ కోడ్ సుమారు 1,400 బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), అది ఎందులోనైనా పడుతుంది. కండరాలకు కావాల్సిన డిస్ట్రోఫిన్ కోడ్ 11 వేల బేస్‌ల పైమాటే. చాలా వెక్టర్లకు అది ఎక్కువ.

మూడోది, వైరస్‌ను ఎక్కడ కలుపుతారు? మూలకణాలను ఒంట్లోంచి తీసి, ల్యాబ్‌లో వైరస్‌తో కలిపి, తిరిగి ఎక్కించడం ఒక పద్ధతి. వైరస్‌ను నేరుగా నరంలోకో కంట్లోకో ఇవ్వడం ఇంకొకటి. మొదటి పద్ధతిలో రోగనిరోధక వ్యవస్థకు వైరస్ దాదాపు కనపడదు. కానీ సరిచేసిన కణాలకు మ్యారోలో చోటు చేయడానికి బుసల్ఫాన్ లాంటి కీమో మందు ఇవ్వాలి. జుట్టు రాలుతుంది, కొన్ని వారాలు హాస్పిటల్లో ఐసొలేషన్‌లో ఉండాలి, పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినొచ్చు. బ్రోచర్లలో ఈ విషయం చిన్న అక్షరాల్లో ఉంటుంది. కుటుంబాలు మాత్రం ముందు అడగాల్సింది దీని గురించే.

ఇక మిగిలినవి: రెండో డోసు ఇవ్వడం కుదురుతుందా, తేడా వస్తే ఎలాంటి తేడా వస్తుంది.

| వైరస్ | పట్టే పొడవు, బేస్‌లలో | క్రోమోజోమ్‌లో చేరుతుందా | విభజన చెందని కణంలో పనిచేస్తుందా | రెండో డోసు | ముఖ్యమైన భయం |
|---|---|---|---|---|---|
| గామా రెట్రో | సుమారు 8 వేలు | చేరుతుంది | లేదు | కణాలను బయటే సరిచేస్తారు కాబట్టి యాంటీబాడీల అడ్డు తక్కువ | బ్లడ్ క్యాన్సర్ |
| లెంటీ | 8 నుంచి 9 వేలు | చేరుతుంది | పనిచేస్తుంది | పైదే | బ్లడ్ క్యాన్సర్, గామా కంటే తక్కువ |
| ఏఏవీ | సుమారు 4,700 | చాలావరకు చేరదు | పనిచేస్తుంది | నరంలోకైతే దాదాపు కుదరదు | లివర్ దెబ్బతినడం, కాలంతో ప్రభావం తగ్గడం |
| ఎడినో | 8 వేలు, సొంత జన్యువులన్నీ తీసేసిన రకాల్లో 35 వేల దాకా | చేరదు | పనిచేస్తుంది | ఒకే భాగానికి ఇస్తే కుదురుతుంది | తీవ్రమైన ఇమ్యూన్ రియాక్షన్ |
| హెర్పిస్ | 30 వేలకు పైనే | చేరదు | పనిచేస్తుంది | చర్మంపై కుదురుతుంది | ప్రభావం కొద్దికాలమే |

## గామా రెట్రో, లెంటీ: అతికించే జంట

రెండూ ఒకే కుటుంబానివి. లోపల ఉండేది ఆర్‌ఎన్‌ఏ. కణంలోకి దిగాక రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేస్ అనే ఎంజైమ్ దాన్ని డీఎన్‌ఏగా మారుస్తుంది. తర్వాత ఇంటిగ్రేజ్ పని మొదలుపెడుతుంది. కొత్త డీఎన్‌ఏ రెండు కొసల్లోనూ ఒక్కో పోగు నుంచి రెండేసి బేస్‌లు కత్తిరించి, ఆ తెగిన కొసలను మన క్రోమోజోమ్‌కు అతికిస్తుంది. ఇంకా రెండు పక్కలా చిన్న ఖాళీలు మిగులుతాయి. వాటిని పూడ్చేది మన కణంలోని రిపేర్ ఎంజైమ్‌లే. పూడ్చాక మన డీఎన్‌ఏ ముక్క ఒకటి వైరస్‌కు అటూ ఇటూ రెండుసార్లు కనిపిస్తుంది. గామా రెట్రో అయితే 4 బేస్‌ల ముక్క, హెచ్‌ఐవీ నుంచి తయారైన లెంటీ అయితే 5. అంటే పని మొదలుపెట్టింది వైరస్, ముగించింది మన కణం.

తేడాలు రెండు. గామా రెట్రో కేంద్రకం గోడను దాటలేదు. కణం విభజన చెందేటప్పుడు ఆ గోడ కరిగే దాకా ఆగాలి. లెంటీ మాత్రం కేంద్రకపు రంధ్రాల గుండానే లోపలికి పోతుంది. నిద్రాణంగా ఉండే రక్త మూలకణాలకు లెంటీ బాగా పనికిరావడానికి ఇదే కారణం.

రెండో తేడా ఇంకా ముఖ్యం: ఎక్కడ చేరుతుంది? గామా రెట్రో ఇంటిగ్రేజ్ మన కణంలోని బెట్ అనే ప్రొటీన్లను పట్టుకుంటుంది. అవి జన్యువుల స్విచ్‌ల దగ్గర ఉంటాయి కాబట్టి వైరస్ కూడా అక్కడే దిగుతుంది. లెంటీ పట్టుకునేది లెడ్జ్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను. అది లెంటీని పనిచేస్తున్న జన్యువు మధ్యభాగంలోకి తీసుకెళ్తుంది. స్విచ్ పక్కన బలమైన వైరస్ డీఎన్‌ఏ వచ్చి కూర్చుంటే ఆ స్విచ్ ఆన్ అయిపోయే ప్రమాదం ఉంది.

అది ఊహ కాదు, జరిగింది. 1999లో పారిస్‌లోని నెక్కర్ ఆసుపత్రిలో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని మగపిల్లలకు గామా రెట్రో వైరస్‌తో చికిత్స మొదలైంది. పిల్లలు కోలుకున్నారు, ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. 2002 నుంచి వాళ్లలో కొందరికి లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ బయటపడింది. చాలా కేసుల్లో వైరస్ ఎల్‌ఎంఓ2 అనే జన్యువు పక్కన చేరి దాన్ని లేపింది. పారిస్, లండన్ ట్రయల్స్ కలిపి మొదటి కొన్నేళ్లలోనే ఐదుగురికి లుకేమియా వచ్చింది, ఒకరు చనిపోయారు. మిగతా పిల్లలకు ఆ చికిత్సే ప్రాణం పోసింది. అందుకే ఈ కథను ఒక్క ముక్కలో మంచి అనో చెడు అనో తేల్చేయలేం.

ఆ తర్వాత వెక్టర్ చివర్లలో ఉండే వైరస్ సొంత స్విచ్‌లను కోసేసి, దానంతట అది మూగబోయే రకం లెంటీలను తయారుచేశారు. ఇప్పుడు మూలకణాలకు దాదాపు అందరూ వాడేది ఇవే. బీటా తలసీమియాకు జింటెగ్లో, మెదడును దెబ్బతీసే అడ్రినోల్యూకోడిస్ట్రఫీకి స్కైసోనా, సికిల్ సెల్‌కు లిఫ్‌జీనియా అన్నీ లెంటీతో చేసినవే.

"లెంటీ కాబట్టి సేఫ్" అని మాత్రం అనుకోకండి. స్కైసోనా ట్రయల్స్‌లో 67 మందిలో ఏడుగురికి రక్త సంబంధిత క్యాన్సర్లు వచ్చాయని 2024లో ప్రచురించారు. జింటెగ్లో కూడా లెంటీయే, కానీ దాని ట్రయల్స్‌లో అలాంటి గుంపు కనపడలేదు. వైరస్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? పెద్ద అనుమానం ప్రమోటర్ మీద, అంటే చేర్చిన జన్యువును ఆన్ చేసే స్విచ్ మీద. జింటెగ్లోలో జన్యువును నడిపేది బీటా గ్లోబిన్ ప్రమోటర్, అది ఎర్ర రక్తకణాలుగా మారే కణాల్లో మాత్రమే ఆన్ అవుతుంది. స్కైసోనాలో ఉన్నది అన్ని రకాల రక్తకణాల్లోనూ గట్టిగా పనిచేసే ప్రమోటర్. కాబట్టి డాక్టర్‌ను "ఏ వైరస్?" అని అడిగి ఆగిపోవద్దు. "జన్యువును నడిపే ప్రమోటర్ ఏది? అది ఏ కణాల్లో ఆన్ అవుతుంది?" అని కూడా అడగండి. తెలిసిన డాక్టర్ అయితే ఆ ప్రశ్నకు సంతోషిస్తారు.

గామా రెట్రో పూర్తిగా పాతబడిపోలేదు. పూర్తిగా ఎదిగిన టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) మూలకణాలంత తేలిగ్గా క్యాన్సర్‌గా మారవు. అందుకే, పేషెంట్ టి కణాలకే జన్యువు చేర్చి క్యాన్సర్ మీదికి పంపే కార్-టి చికిత్సల్లో యెస్‌కార్టా ఇప్పటికీ గామా రెట్రోనే వాడుతుంది. కిమ్రియాతో పాటు, ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ పరిశోధన నుంచి వచ్చి 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి పొందిన నెక్స్‌కార్19 లెంటీ వాడతాయి. కార్-టి తీసుకునే పేషెంట్‌కు ఈ రెండింటిలో ఏదనేది పెద్ద విషయం కాదు. ధర, దొరికే చోటు, ఆ సెంటర్ అనుభవం అంతకంటే ముఖ్యం.

## ఏఏవీ: పక్కన కూర్చునే వైరస్

ఇది చాలా చిన్నది, 25 నానోమీటర్లు ఉంటుంది. మనుషుల్లో దీనివల్ల ఫలానా జబ్బు వస్తుందని తేలలేదు. అసలు ఏఏవీకి 19వ క్రోమోజోమ్‌లో ఒక ప్రత్యేకమైన చోట చేరే అలవాటు ఉంది. ఆ పని చేసేది దాని రెప్ అనే ప్రొటీన్. మందుగా వాడే వెక్టర్‌లో ఆ జన్యువును తీసేస్తారు. కాబట్టి అది కేంద్రకంలోకి వెళ్లి, ఒంటి పోగు డీఎన్‌ఏను జంట పోగుగా మార్చుకుని, వలయాలుగా చుట్టుకుని క్రోమోజోమ్‌కు బయటే ఉండిపోతుంది. కొద్ది భాగం మాత్రం, డీఎన్‌ఏ తెగి ఉన్నచోట పొరపాటున ఇరుక్కుంటుంది. హీమోఫీలియా ఉన్న కుక్కలకు ఏఏవీ ఇచ్చి పదేళ్ల దాకా గమనించిన ఒక పరిశోధనలో, కణాల పెరుగుదలను నడిపే జన్యువుల పక్కన కూడా అది చేరిందని తేలింది. కుక్కల్లో కణితులైతే కనపడలేదు.

దీని బలం కంట్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్‌పీఈ65 జన్యులోపంతో చూపు పోయేవాళ్లకు 2017లో అమెరికాలో అనుమతి పొందిన లక్స్‌టర్నాలో ఒక్కో కంటికి ఇచ్చేది 0.3 మిల్లీలీటర్లు, రెటీనా కింద. అందులో 15 వేల కోట్ల వైరస్ కణాలు ఉంటాయి. పెద్ద సంఖ్యలా ఉంది కదా? ఎస్‌ఎంఏకి ఇచ్చే జోల్‌జెన్‌స్మా డోసు కిలో బరువుకు 110 లక్షల కోట్లు. పది కిలోల పాపకు 1,100 లక్షల కోట్లు, నేరుగా నరంలోకి. అంటే కంటి డోసుకు ఏడు వేల రెట్లకు పైనే. ఇందులో చాలా భాగం లివర్‌కు చేరుతుంది. జోల్‌జెన్‌స్మా మీద లివర్ గురించి బాక్స్ హెచ్చరిక (అన్నిటికంటే తీవ్రమైన రకం) ఉన్నదీ, స్టెరాయిడ్లు వాడుతూ వారం వారం రక్తపరీక్షలు చేయించేదీ ఇందుకే. డుషేన్ కండరాల జబ్బుకు ఇచ్చే ఎలివిడిస్ వల్ల, అప్పటికే నడక పోయిన ఇద్దరు అబ్బాయిలు 2025లో లివర్ ఫెయిలై చనిపోయారు. ఆ తర్వాత నడవలేని పేషెంట్లకు దాన్ని ఇవ్వడం ఆపారు. ఎలివిడిస్‌లో పూర్తి డిస్ట్రోఫిన్ కూడా ఉండదు. 4,700 బేస్‌లలో పట్టదు కాబట్టి బాగా కుదించిన మైక్రో డిస్ట్రోఫిన్ ఉంటుంది. రిస్క్ లెక్కేసేటప్పుడు, దక్కేది కూడా పూర్తి జన్యువు కాదని గుర్తుంచుకోవాలి.

ఏఏవీ విషయంలో కుటుంబాలకు తెలియకుండా పోయే విషయం ఇంకొకటి ఉంది. చాలామందికి చిన్నప్పుడే ఏఏవీ సోకి, యాంటీబాడీలు ఉంటాయి. అవి ఎక్కువుంటే మందు పనిచేయదు, ట్రయల్‌లో చేర్చుకోరు. ఒకసారి ఏఏవీ మందు తీసుకున్నవాళ్లకైతే యాంటీబాడీలు భారీగా పెరుగుతాయి. తక్కువ డోసుతో మొదలైన తొలి దశ ట్రయల్‌లో చేరి ఫలితం రాకపోతే, రేపు మెరుగైన ఏఏవీ మందు వచ్చినా తలుపు మూసుకుపోయినట్టే. ఎక్కడో ట్రయల్ ఉందనగానే పరుగెత్తే ముందు ఇది ఆలోచించాలి.

## ఎడినో, హెర్పిస్: తాత్కాలిక పనివాళ్లు

ఎడినోవైరస్ మనలో చాలామందికి పాత పరిచయమే. కొవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీ ఎడినోవైరస్. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన స్పుత్నిక్‌లో ఉన్నవి మనుషుల ఎడినో రకాలు. జన్యువు కేంద్రకంలోకి వెళ్తుంది, క్రోమోజోమ్ బయటే ఉండి కొన్నాళ్లు ప్రొటీన్ తయారుచేయించి పోతుంది. రోగనిరోధక వ్యవస్థను గట్టిగా రెచ్చగొట్టడం వ్యాక్సిన్‌కు వరం, జీన్ థెరపీకి శాపం. 1999 సెప్టెంబరులో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ట్రయల్‌లో 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ ఎడినో ఎక్కించిన నాలుగు రోజులకే చనిపోయాడు. అప్పట్నుంచి, జీవితకాలపు జన్యులోపాలకు దీన్ని నరంలోకి ఇవ్వడానికి జంకుతారు. మూత్రాశయ క్యాన్సర్‌కు వాడే ఆడ్‌స్టిలాడ్రిన్‌ను మూడు నెలలకోసారి కాథెటర్ ద్వారా లోపలే ఉంచుతారు. అలాంటి ఒక్కచోటి పనికి ఇది బాగుంటుంది.

హెర్పిస్ సంగతి ఇంకా చిన్నది. పెద్ద జన్యువులు పడతాయి. ముట్టుకుంటే చర్మం ఊడిపోయే ఎపిడెర్మోలిసిస్ బులోసా పిల్లలకు వైజువెక్ జెల్‌ను వారానికోసారి పుండ్లపై రాస్తారు. చర్మకణాలు ఎలాగూ రాలిపోతాయి కాబట్టి మళ్లీ మళ్లీ రాయక తప్పదు.

## ఒకే జబ్బుకు రెండు దారులు: హీమోఫీలియా ఏ

ఎంపిక నిజంగా కష్టమయ్యేది ఇక్కడ. ఈ జబ్బులో లోపించే ఫ్యాక్టర్ 8 పూర్తి కోడ్ 7 వేల బేస్‌లు. పనికిరాని మధ్యభాగం తీసేస్తే 4,400. అది ఏఏవీలో ఇరుకిరుకుగా పడుతుంది. అలా చేసిన రోక్టేవియన్‌ను 2023లో అమెరికా పెద్దవాళ్లకు అనుమతించింది. ఒక్క ఇంజెక్షన్, కీమో లేదు. మొదటి ఏడాది ఫ్యాక్టర్ 8 బాగా పెరిగింది, తర్వాత ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది. రెండో డోసు కుదరదు. పిల్లలకు ఇవ్వరు. వాళ్ల లివర్ పెరిగే కొద్దీ కణాలు విభజన చెంది, విడిగా ఉన్న జన్యువు పలచబడిపోతుందన్న భయమే ఇందుకు ఒక కారణం.

వెల్లూరు సీఎంసీ ఇంకో దారి పట్టింది. పేషెంట్ రక్త మూలకణాలను తీసి, లెంటీతో ఫ్యాక్టర్ 8 జన్యువును చేర్చి, తిరిగి ఎక్కించింది. ఐదుగురు పేషెంట్ల ఫలితాలు 2024 డిసెంబరులో వెలువడ్డాయి, గమనించిన కాలంలో రక్తస్రావాలు సున్నా. ఏఏవీ యాంటీబాడీల గొడవ లేదు. మూలకణంలో చేరింది కాబట్టి ప్రభావం నిలవాలన్నది ఆశ. కానీ మ్యారోను ఖాళీ చేసే కీమో తప్పదు, లెంటీ చేరిక తాలూకు క్యాన్సర్ భయాన్ని చాలా ఏళ్లు కనిపెట్టాలి, ఐదుగురు అంటే చిన్న గుంపు.

రాయలసీమ నుంచి వెల్లూరుకు వెళ్లే హీమోఫీలియా కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. లివర్ బాగున్న, కీమో వద్దనుకునే, ఇంకా పిల్లలు కనాలనుకునే పెద్దవాళ్లకు ఏఏవీ దారి తర్కంగా బాగుంటుంది, ధర సంగతి వేరే. ఏఏవీ యాంటీబాడీలు ఉన్నవాళ్లు, కీళ్లు పూర్తిగా దెబ్బతిని రిస్క్ తీసుకోవడానికి సిద్ధపడినవాళ్లు లెంటీ ట్రయల్ గురించి మాట్లాడొచ్చు. హెపటైటిస్ సి వల్ల లివర్ పాడైనవాళ్లకు ఏఏవీ వైపు దారి ఇరుకే. ప్రస్తుతానికి రోజులు ఫర్వాలేదనిపిస్తే, కొన్ని వారాలకోసారి చర్మం కింద వేసుకునే ఎమిసిజుమాబ్ ఉంది, అది జీన్ థెరపీ కాదు. ఆగి చూడటం కూడా ఒక నిర్ణయమే.

## మీ పరిస్థితిని బట్టి

తలసీమియా బిడ్డ ఉన్న ఇంట్లో లెంటీ గురించి ఆలోచించే ముందు తోబుట్టువుల మ్యారో బిడ్డకు సరిపోతుందో చెప్పే హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే అవకాశం 25 శాతం. కలిస్తే బోన్ మ్యారో మార్పిడి పాత, నమ్మకమైన దారి. కోల్ ఇండియా నిధులతో నడిచే తలసీమియా బాల సేవా యోజన రూ.10 లక్షల దాకా సాయం చేస్తుంది. జింటెగ్లో ధర అమెరికాలో 28 లక్షల డాలర్లు, పైగా అందులోనూ కీమో తప్పదు. తలసీమియా, సికిల్ సెల్ రెండింటికీ వైరస్ లేకుండా, డీఎన్‌ఏను కత్తిరించి మార్చే క్రిస్పర్‌ను కరెంటు షాక్‌తో కణంలోకి పంపే క్యాస్‌జెవీ కూడా వచ్చింది. మన దగ్గర దాని ధరా అందదు.

ఎస్‌ఎంఏ అయితే సమయమే ముఖ్యం. మోటార్ న్యూరాన్ పోయాక ఏ వైరస్ వల్లా తిరిగి రాదు. "16 కోట్ల ఇంజెక్షన్" (జోల్‌జెన్‌స్మా) కోసం విరాళాలు పోగవుతున్నంత కాలం పాపను మందు లేకుండా ఉంచొద్దు. నోటితో ఇచ్చే రిస్‌డిప్లామ్ ఉంది, 2025లో హైదరాబాద్ నాట్కో ఫార్మా దాని జెనరిక్‌ను తెచ్చింది. ఏఏవీ యాంటీబాడీల పరీక్ష మొదటి రోజే చేయించండి. అది పాజిటివ్ వస్తే విరాళాల లెక్కే మారిపోతుంది.

విద్యార్థులకు ఇంత చాలు. సెల్ లైన్‌లో జన్యువు నిలవాలంటే మూడు ప్లాస్మిడ్‌ల లెంటీ, హెక్ 293టీ కణాల్లో. ఎలుక మెదడుకో లివర్‌కో అయితే ఏఏవీ. రెండు రోజుల్లో బోలెడంత ప్రొటీన్ కావాలంటే ఎడినో. లెంటీ వాడితే ఒక్కో కణంలో సగటున ఎన్ని కాపీలు చేరాయో లెక్కించకుండా ఫలితం రాయకండి. గైడ్‌లు మొదట అడిగేది ఆ అంకెనే. కాపీలు ఎక్కువైతే ఎక్స్‌ప్రెషన్ గ్రాఫ్ అందంగా కనిపిస్తుంది, చికిత్సలో అదే రిస్క్ అవుతుంది.

ట్రయల్‌లో చేరాలనుకునేవాళ్లు సంతకానికి ముందు, మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని వెబ్‌సైట్‌లో స్వయంగా చూడండి. ట్రయల్ అంటూ మందుకు డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి. క్రోమోజోమ్‌లో చేరే వెక్టర్లకు పేషెంట్‌ను 15 ఏళ్ల దాకా, ఏఏవీకి ఐదేళ్ల దాకా గమనించాలని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతుంది. మీ ట్రయల్‌లో ఎన్నేళ్లు, ఆ రక్తపరీక్షల ఖర్చు ఎవరిది, ఊరు మారితే ఎక్కడ చేయించుకోవాలి, కంపెనీ మూతపడితే ఎవరు చూస్తారు అనేవి ఫారంలో రాసి ఉన్నాయో లేదో వెతకండి. లేకపోతే రాయమని అడగండి.